భుజం మీదుగా ఒక చూపు

మా కింది ఫ్లాటు అంకుల్ పోయారని మొన్న మంగళవారం పొద్దున ఆంటీ ఫోన్ చేసి చెప్పారు. తెల్లవారుజామున నమాజు చేసుకుని కాసేపు ఒరుగుతానని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదట. ఎనభై దాటిన వయసు, ఏ బాధా లేని చావు. అందరూ అదృష్టవంతుడన్నారు. నాకు మాత్రం ఆయనకు చెప్పాల్సిన ఒక మాటను ఇరవై ఏళ్లు మింగి కూర్చున్న సంగతే ముందు గుర్తుకొచ్చింది.

రెండువేల సంవత్సరం దగ్గరపడుతున్న రోజుల్లో, కంప్యూటర్లలో తేదీలు దిద్దే పనికి నేను సిడ్నీ వచ్చాను. వెస్ట్‌మీడ్‌లో అద్దె ఫ్లాటు. మాలాంటి కుర్రాళ్లకు అప్పట్లో ఒకటే ఆరాటం. పాత కారొకటి కొని, దాని పక్కన నిలబడి ఫొటో దిగి ఇంటికి పంపాలి. అంకుల్ మాకంటే చాలా ముందే కర్నూలు నుంచి వచ్చి స్థిరపడ్డారు. రోడ్ల శాఖలో ట్రాఫిక్ ఇంజనీరు. ఆదివారాలు పొద్దున మాకు ఊరికే డ్రైవింగ్ నేర్పేవారు. కాకపోతే ఒక షరతు. ముందు నెల రోజులు రైల్లో, బస్సులో, కాలినడకన తిరగాలి. బస్సు కోసం వానలో నిలబడనివాడి చేతికి స్టీరింగ్ ఇవ్వకూడదనేవారు. కార్లు తగ్గాలనే మనిషే కారు నేర్పడమేమిటని మేం చాటున నవ్వుకునేవాళ్లం.

విజయవాడలో స్కూటరు మీద నేర్చిన నా విద్యంతా ఇక్కడ దురలవాటైంది. కారు నేర్చుకోవడం మొదలెట్టిన రెండో ఆదివారం, ఆస్పత్రి దగ్గర జీబ్రా క్రాసింగ్ మీద ఒక ముసలావిడ మెల్లగా దాటుతోంది. మన ఊళ్లో ‘అమ్మా, వస్తున్నా’ అని చెప్పినట్టు, మర్యాదగానే చిన్న హారన్ కొట్టాను. ఆవిడ ఉలిక్కిపడింది. సంచీలోని నారింజలు రోడ్డంతా దొర్లాయి. అంకుల్ కారు పక్కకు తీయించి, పండ్లన్నీ నాచేతే ఏరించి, ఆవిడకు సారీ చెప్పించారు. మళ్లీ కారెక్కబోతుంటే ఆపారు.

“హారన్ మన ఊర్లో పలకరింపు, ఈడ తిట్టు. పోయి ఆ క్రాసింగ్ పదిసార్లు దాటి రా అప్పా. ఆడి నుంచి కారు ఎట్లుంటదో చూసుకో.”

పదిసార్లూ దాటాను. ఆగిన ప్రతి డ్రైవరూ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. ఆ తర్వాత ఇన్నేళ్లలో నేను హారన్ కొట్టిన సందర్భాలు వేళ్ల మీద చెప్పొచ్చు.

ఆయన నోట ఎక్కువసార్లు వినపడిన మాట ‘తల తిప్పు’. లేన్ మారేముందు అద్దాలు చూస్తే చాలదు, భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూడాలి. అద్దంలో పడని మూల ఒకటుంటుంది, సైకిలు మీద పోయేవాడు సరిగ్గా అక్కడే ఉంటాడు. నేను మొదటిసారి డ్రైవింగ్ టెస్టు తప్పిందీ తల తిప్పకనే.

సాయంత్రాలు టీ గ్లాసు పట్టుకుని బాల్కనీలో నిలబడి రోడ్డును చూసేవారు. పెదాలు కదిలేవి. ఏదో జపం అనుకున్నాను. దగ్గరికెళ్లి వింటే, “ఒకరు, ఒకరు, ఒకరు, ఇద్దరు, ఒకరు.” ఒక్కో కారులో ఎంతమంది ఉన్నారో చూస్తున్నారు. కార్లను లెక్కపెడితే ఏ రోడ్డూ చాలదని, మనుషుల్ని లెక్కపెడితే ఉన్న రోడ్డే చాలుతుందని ఆయన వాదం. కుర్రతనంలో అమెరికాలో ఒక పెద్ద ఊళ్లో రెండేళ్లు చదివారు. అక్కడ పాల డబ్బాకి కూడా కారు తీయాల్సి వచ్చేదట. ఇంటి ముందు రోడ్డును రెండింతలు చేస్తే, ఏడాది తిరక్కుండానే అదీ కార్లతో నిండిపోయిందట. అక్కడి ఊళ్లే ఇప్పుడు మళ్లీ రైలు పట్టాలు వేసుకుంటుంటే మనం వాళ్ల పాత తప్పును కాపీ కొడుతున్నామని విసుక్కునేవారు. నా ఉద్యోగం సంగతి విని ఒకసారి అన్నారు. “మీవాళ్లు సంవత్సరానికి రెండంకెలు చాలనుకున్నారు. మావాళ్లు రోడ్డుకి ఇంకో లేన్ చాలనుకున్నారు. ఇద్దరికీ రేపనేది గుర్తులేకపాయె.”

మా మెయిన్ రోడ్డు మీద ఒక లేన్‌ను బస్సులకే వదిలే ప్లాన్ ఆయనే తయారుచేశారు. రిటైరయ్యేలోగా ఆ ఒక్కటీ జరిగితే చాలన్నంత పట్టుదల. మా వీధి మాత్రం మండిపడింది. కార్లకు దారి తగ్గుతుంది, పార్కింగ్ పోతుంది. వద్దంటూ అర్జీ తయారైంది. సంతకాలు చేసినవాళ్లలో చాలామంది ఆయన పక్కన కూర్చుని డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్లే. నేనూ చేశాను. కొత్తగా కారు కొన్న మోజులో ఉన్నాను, దాన్ని ఎక్కడ నిలపాలన్నది తప్ప నాకింకేమీ పట్టలేదు. ఆ కాగితం ఆయన బల్ల మీదికే వెళ్తుందని తెలిసే చేశాను.

ప్లాన్ ఆగిపోయింది. రెండు రోజులు ఆయన సరిగ్గా అన్నం తినలేదని ఆంటీ, పెళ్లై కొత్తగా వచ్చిన మా ఆవిడతో అన్నారు. అప్పట్లో ఆయన మా ఆవిడకు డ్రైవింగ్ నేర్పుతున్నారు. ఆ ఆదివారం ఇక రారనుకున్నాను. తొమ్మిదింటికి ఎప్పటిలాగే తలుపు తట్టారు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. అన్నా బాగుండేది.

ఆయన రిటైరైన కొన్నేళ్లకు ఆ ఫైలునే దుమ్ము దులిపి లేన్ వేశారు. ఆస్పత్రి నర్సులు, క్లీనర్లు, యూనివర్సిటీకి పోయే పిల్లలు అందరూ ఆ లేన్ బస్సుల్లోనే వెళ్లసాగారు. మా అమ్మాయిని కారులో దింపుతానంటే, “నో డాడ్, బస్ ఈజ్ ఫాస్టర్” అనేది. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు సిగ్గేసేది.

చూపు మందగించాక అంకుల్ ఎవరూ చెప్పకుండానే లైసెన్సు వెనక్కి ఇచ్చేశారు. ఆ రోజు తోడు వెళ్లాను. కారు వద్దన్నారు. స్టాపులో బస్సు ఆగి, పెద్దవాళ్లు ఎక్కడానికి వీలుగా ఉస్సుమంటూ మా వైపు వంగింది. ఎక్కి కూర్చున్నాక ఇక ఆపుకోలేకపోయాను.

“అంకుల్, ఆ అర్జీ మీద నా సంతకం కూడా ఉంది. తప్పు చేశాను.”

ఆయన పక్క లేన్లో ఆగిపోయిన కార్లను చూస్తూ నవ్వారు. “తెలుసప్పా, అప్పుడే చూసినా. నేర్పడంలో నాదే తప్పేమో అనుకున్నా. అద్దం చూసినావు, తల తిప్పలేదు.” నా భుజం తట్టారు. “ఇప్పుడు తిప్పినావులే.”

ఆయన్ను మట్టిచేసి వచ్చిన మర్నాడు నేను కారు వదిలి స్టాపుకు నడిచాను. బస్సు వచ్చి ఉస్సుమని వంగింది. నాకోసం వంగాల్సినంత వయసు నాకు రాలేదు. డ్రైవరు నా వెనక్కి చూస్తున్నాడు. ఈ టైముకు రోజూ తెల్లటోపీ పెద్దాయన ఎక్కుతారే, ఏరీ అని అడిగాడు. చెప్పాను. అతను బస్సును ఇంకాసేపు అలాగే వంచి ఉంచాడు. ఆ తర్వాత పైకి లేపి, అద్దం చూసి, తల తిప్పి భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూసి, మెల్లగా ఆ లేన్లోకి పోనిచ్చాడు.