మంచు బండి ఎడమకు తిరిగిన ఉదయం

హ్యాండిల్ మీ రెండు చేతుల్లోనూ బిగించి ఉంది. ముందున్న స్కీ తిన్నగా ముందుకే చూస్తోంది. బండి మాత్రం ఎడమకు పోతోంది. దాన్ని మీరేమంటారు? తొందరపడి జవాబు చెప్పకండి. నేను జవాబు చెప్పినందుకు ఒక ఊరి ఆడవాళ్ళకు దారి మూసుకుపోయింది.

ముందే చెబుతున్నాను, నేను దయ్యాలను నమ్మను. దేవుళ్ళను అంతకన్నా నమ్మను. కిరందుల్ గనుల్లో డోజర్లు, డంపర్లు బాగుచేస్తూ ఉద్యోగం ముగించాను. సెలవు దొరికినప్పుడల్లా ఊళ్ళు తిరిగి మూఢనమ్మకాల మీద మాట్లాడాను. నాలుగు దారుల కూడలిలో దిష్టి తీసి పడేసిన నిమ్మకాయలు ఏరుకొచ్చి జనం ముందే షర్బత్ చేసుకుని తాగాను. ఎవరైనా "కళ్ళారా చూశాను" అంటే వాళ్ళ కళ్ళను కాదు, వాళ్ళ తొందరను అనుమానించమని చెప్పేవాణ్ణి. ఇప్పుడు నేనే కళ్ళారా చూసిన సంగతి రాస్తున్నాను. నన్నూ అలాగే అనుమానించండి.

భోపాల్‌పట్నం దాటి లోపలికి వెళ్తే ఒక ఊరుంది. పేరు కావాలనే రాయడం లేదు. వాన పడితే ఆ ఊరికీ తారు రోడ్డుకీ మధ్య నల్లటి బురద, దాని తర్వాత ఒక వాగు. వాగు మీద రపటా ఉంది. అంటే నీళ్ళు పైనుంచి పారేలా వేసిన సిమెంటు దారి. ఆ బురదలో ట్రాక్టరే కూరుకుపోతుంది. నొప్పులొచ్చిన ఆడమనిషిని నులకమంచం మీద పడుకోబెట్టి, మంచాన్ని వాసానికి కట్టి మోసుకుపోతారు. కొందరు చేరతారు. కొందరు దారిలోనే కంటారు. కొందరి సంగతి చెప్పడానికి లచ్చక్క ఇష్టపడదు.

లచ్చక్క ఆ ఊరి మితానిన్. ఊరి ఆరోగ్య కార్యకర్తను ఇక్కడ అలా పిలుస్తారు. గట్టి మనిషి. పోయిన ఏడాది ఆ ఊళ్ళో ఆంగదేవుడి గురించి మాట్లాడాను. ఆంగదేవుడంటే కలిపి కట్టిన దుంగలు. మగవాళ్ళు భుజాల మీద ఎత్తుకుంటారు. ఏదైనా అడిగితే దుంగలే ముందుకో పక్కకో లాగి జవాబు చెబుతాయని నమ్మకం. లాగేది దుంగ కాదు, మోసే భుజాలే, తమకు తెలియకుండానే ఎవరికి వారు కాస్త కాస్త తోస్తారు, అని చాలా బాగా వివరించాననుకున్నాను. ఊరి పూజారి కామయ్య (అక్కడ వడ్డె అంటారు) నవ్వుతూ విన్నాడు. లచ్చక్క మాత్రం చివర్న లేచింది.

"మంచిగ జెప్పినవ్ సారూ. దేవుడు లాగుతలేడు, మనమే లాగుతున్నం. సరే. మరి బురదల మంచం లాగనీకి నీ కాడ ఏముంది?"

అందరూ నవ్వారు. నాకు చెంప పగిలినట్టయింది. ఆ ప్రశ్నకు జవాబుగానే ఈ వేసవిలో మంచు బండి కిట్ తెప్పించాను.

మంచు కొండల్లో పర్యాటకులను తిప్పే మిత్రుడొకడు దుకాణం ఎత్తేశాడు. అతని దగ్గర మూలపడి ఉన్న కిట్ లారీలో జగదల్‌పూర్ వచ్చింది. మోటారు సైకిల్ ముందు చక్రం తీసి ఆ స్థానంలో స్కీ, అంటే మంచు మీద జారే వెడల్పాటి పలక, బిగిస్తారు. వెనక చక్రం మొత్తం తీసేసి, మనిషి పొడవున్న రబ్బరు ట్రాక్ తగిలిస్తారు. ట్రాక్ మీద వేలెడు పొడవు రబ్బరు పళ్ళు. డోజర్ల గొలుసుల మధ్య బతికినవాణ్ణి, అది చూడగానే నా చేతులు ఆగలేదు. మంచులో నడిచేది బురదలో ఎందుకు నడవదు? రెండూ మెత్తన. రెండిట్లోనూ చక్రం దిగబడుతుంది, వెడల్పాటిది దిగబడదు.

మొదటి వాన పడ్డ మర్నాడు దున్నిన మడిలోకి దించాను. ఏమని చెప్పను! యాక్సిలరేటర్ తిప్పగానే వెనకనుంచి ఎవరో రెండు చేతులతో ఎత్తి ముందుకు తోసినట్టు లేచింది. మోకాలు లోతు బురద మీద తేలుతూ పోయింది. వెనక బురద నిలువెత్తు లేచి గట్టు మీద నిలబడి చూస్తున్నవాళ్ళ మీద పడింది. ఒక్కరూ తిట్టలేదు. అరవై దాటిన నేను ఆ మడిలో కేకలు పెట్టాను. సిగ్గులేదు, మళ్ళీ పెడతాను.

లోపాలూ రాయాలి కదా. చక్రాల బండి అలవాటుతో నడిపితే పడిపోతారు. మలుపు హ్యాండిల్‌తో కాదు, ఒళ్ళు వంచి తిప్పాలి. బరువు వెనక్కి వేయకపోతే స్కీ బురదలోకి ముక్కు పొడుస్తుంది. యాక్సిలరేటర్ వదిలితే రెండడుగులు కూడా దొర్లకుండా అక్కడే ఆగిపోతుంది. నేల పొడిగా ఉంటే లోపలి ప్లాస్టిక్ పట్టీలు వేడెక్కి కాలిన వాసన వస్తుంది. వెనక్కి రాదు, దిగి ఎత్తి తిప్పుకోవాల్సిందే. ఇంకొకటి, ట్రాక్ ఒకవైపు కొంచెం బిగువు ఎక్కువ. అందువల్ల వదిలేస్తే మెల్లగా కుడికి పోతుంది. కుడికి. ఈ మాట గుర్తుంచుకోండి.

మనిషిని పడుకోబెట్టడానికి రేకును అంచులు పైకి వంచి తెప్పలా చేసి, ఇనుప కడ్డీతో బండి వెనక తగిలించాను. లచ్చక్క దాని మీద పడుకుని, నన్ను ఊరంతా తిప్పమంది. దిగి బట్టలు దులుపుకుంది.

"బాగుంది సారూ. నా బిడ్డకు అయిదో నెల. కార్తీకంల దీని మీదనే తోల్కపోవాలె."

ఆమెకు ఒక్కతే కూతురు, తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. నన్ను ఆ ఊళ్ళో కట్టిపడేసింది ఆ మాటే.

కాని ముందు ముత్తమ్మకు నొప్పులొచ్చాయి. శ్రావణం మొదట్లో, పొద్దు బాగా ఎక్కాక. వాన అప్పుడే ఆగింది. బిడ్డ అడ్డం తిరిగిందని లచ్చక్క అనుమానం. ఆంబులెన్సుకు ముందే కబురందింది, రపటా అవతల తారు రోడ్డు మీద వచ్చి ఆగి ఉంది. ముత్తమ్మను రేకు మీద పడుకోబెట్టి, కింద గడ్డి పరిచి బయల్దేరాం. ఆమె భర్త, ఇంకో ముగ్గురు మగవాళ్ళు రేకు అంచులు పట్టుకుని పక్కన నడిచారు. లచ్చక్క ముత్తమ్మ చెయ్యి వదల్లేదు.

ఊరు దాటాక దారి రెండుగా చీలుతుంది. తిన్నగా పోతే రపటా. ఎడమకు పోతే ఇప్పచెట్ల మధ్యనుంచి మెరక మీదుగా చుట్టుదారి. వాగు ఎగువన రాళ్ళ రేవు దాటి అదే తారు రోడ్డుకు కలుస్తుంది కాని రెండింతల దూరం. నేను ముందురోజు సాయంత్రం కూడా రపటా మీదుగానే వచ్చాను. వేరే ఆలోచనే లేదు.

చీలిక దగ్గర బండి ఎడమకు తిరిగింది.

ఒళ్ళు కుడికి వంచాను. తిరగడం ఆగలేదు. యాక్సిలరేటర్ వదిలాను, ఆగింది. నలుగురూ కలిసి ఎత్తి రపటా వైపు పెట్టారు. మళ్ళీ నడిపాను. పది అడుగులు పోయాక మళ్ళీ ఎడమకు. ఈసారి కిందికి చూశాను. స్కీ తిన్నగా ఉంది. హ్యాండిల్ తిన్నగా ఉంది. స్కీ ముందుకు చూస్తూనే బురదను పక్కకు రాసుకుంటూ ఎడమకు జరుగుతోంది. కుదుపు లేదు, గుంట లేదు, ఇంజను చప్పుడులో తేడా లేదు. నిదానంగా, గట్టిగా.

"ఏంది సారూ, ఎటు పోతున్నవ్?" లచ్చక్క అరిచింది. "రపటా అటుందయ్యా!"

"నేను పోవట్లేదు. ఇదే పోతోంది."

"ఆటలాడే టైమా ఇది?"

మూడోసారి ఎత్తి పెట్టారు. మూడోసారీ అంతే. ముత్తమ్మ అరుపు మారింది. ఇక బండితో కొట్లాడే సమయం లేదు. చుట్టుదారే పోదామని వదిలేశాను. వదిలేసిన మరుక్షణం అది మామూలు బండి. మెరక మీద తడిగడ్డిలో చెప్పినట్టు విన్నది, ఎప్పటిలాగే కొంచెం కుడికి పోతూ. ఇప్పచెట్ల దగ్గర ఫోనుకు సిగ్నల్ అందితే లచ్చక్క ఆంబులెన్సును పై రేవుకు రమ్మంది. రేవులో నలుగురూ ముత్తమ్మను రేకుతో సహా ఎత్తి దాటించారు.

ఆంబులెన్సు తోలే అతని ముఖం పాలిపోయి ఉంది. మేం ఎంతకీ రాకపోయేసరికి ఎదురు వద్దామని రపటా మీదికి కాలు పెట్టాడట. పైన నీళ్ళు చీలమండ లోతే. అలవాటుగా కర్రతో పొడిస్తే, నడుమ కర్ర మొత్తం దిగిపోయింది. సిమెంటు కింద మట్టి కొట్టుకుపోయి, నడిమి పలక విరిగి పడిపోయింది. పైన పారే ఎర్రనీళ్ళలో ఏమీ కనబడదు. మేం తిన్నగా వచ్చి ఉంటే ముందు బండి, దాని వెనక కడ్డీకి తగిలించిన ముత్తమ్మ.

ఆసుపత్రిలో కోసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు.

నేను చీలిక దగ్గరికి తిరిగి వెళ్ళాను. బురదలో స్కీ గాడి గీతలా లేదు. చాప పరిచినట్టు వెడల్పుగా, పక్కకు రాసినట్టు ఉంది. మూడు చోట్లా అంతే. ఫోను లచ్చక్క సంచిలో ఉండిపోయింది, ఫొటో తీయలేకపోయాను. మధ్యాహ్నం వాన చెరిపేసింది. ఇది నా తప్పు, ఒప్పుకుంటున్నాను.

ముందు నా మీద నేనే అనుమానపడ్డాను. వాగు శబ్దంలో తేడా చెవికి తెలిసి, నాకు తెలియకుండా నా ఒళ్ళే ఎడమకు వంగిందేమో. దుంగల గురించి నేను చెప్పిన జవాబే అది! కాని అలా అయితే స్కీ ఎడమకు తిరగాలి, లేదా బండి ఎడమకు వాలాలి. రెండూ జరగలేదు. నడిచే నలుగురూ రేకును లాగారేమో. తర్వాత ఆ నలుగురినీ పెట్టి, ముత్తమ్మ బరువుకు బియ్యం బస్తా వేసి, ఎడమకు లాగమన్నాను. రేకు వాలింది, బండి కదల్లేదు. ట్రాక్ విప్పి పళ్ళన్నీ చూశాను. అదే చోట, అదే బురదలో, రోజుల తరబడి నడిపాను. ప్రతిసారీ కుడికి. ఒక్కసారి కూడా ఎడమకు కాదు.

నాకు భయం వేయలేదు. నిజం చెప్పనా, ఒళ్ళంతా హుషారు! ఇన్నేళ్ళలో నాకు అంతుపట్టని యంత్రం ఎదురవడం ఇదే మొదలు. రాత్రి పడుకుంటే అదే లెక్క, పొద్దున లేస్తే అదే లెక్క. కారణం ఉంది. నాకు దొరకలేదు, అంతే.

కాని ముత్తమ్మ బిడ్డతో తిరిగొచ్చిన రోజున ఊరంతా చేరినప్పుడు కామయ్య నా ముందుకొచ్చి నిలబడ్డాడు. వెటకారం లేదు అతని గొంతులో.

"సారూ, ఒక్క మాట. నువ్వు తిప్పినవా, అదే తిరిగిందా?"

"నేనే తిప్పాను" అంటే అయిపోయేది. అందరూ మెచ్చుకునేవాళ్ళు కూడా. కాని చూసింది చూసినట్టు చెప్పమని ఇన్నేళ్ళు ఊరూరా అడుక్కున్నవాణ్ణి. "నేను తిప్పలేదు. ఎందుకు తిరిగిందో నాకు తెలియదు" అన్నాను. రెండో మాట ఎవరూ వినలేదు.

సాయంత్రానికి స్కీకి పసుపు, హ్యాండిల్‌కు ఎర్రగుడ్డ. దేవుణ్ణి ఆ ఊళ్ళో ఆడవాళ్ళు ముట్టరు. అందుకని బండినీ ముట్టకూడదన్నాడు కామయ్య.

"మొన్న ముత్తమ్మ దాని మీదనే గదా పండుకున్నది?" లచ్చక్క నిలదీసింది.

"అప్పుడది బండి. ఇప్పుడు దేవుడు."

"ఆడదాన్ని కాపాడినందుకు దేవుడైతే, ఆడదాన్నే ముట్టనియ్యడా? ఏం దేవుడయ్యా నీ దేవుడు?"

కామయ్య ఎర్రగుడ్డ ముడి ఇంకొంచెం బిగించాడు. అప్పుడు లచ్చక్క నావైపు తిరిగింది. "ఒక్క అబద్ధం ఆడలేకపోయినవా సారూ, నా బిడ్డ కోసం?"

అబద్ధం చెప్పి ఉండాల్సింది అనను. చెప్పనందుకు గర్వమూ లేదు.

నాలుగు రోజులు కామయ్యతో వాదించాను. అతను మొండివాడే కాని మాట మీద నిలబడే మనిషి. చివరికి అందరి ముందూ అన్నాడు: "కారణం జూపియ్యి. నా కండ్ల ముంగట మళ్ళ ఎడమకు తిప్పి, ఇందుకు తిరిగిందని జెప్పు. పసుపు నేనే కడుగుత."

నేను చూపించలేకపోయాను.

రపటా ఇంకా విరిగే ఉంది. చుట్టుదారి బురదలో మంచం మోస్తే పూట పడుతుంది. లచ్చక్క కూతురికి కార్తీకంలో నెలలు నిండుతాయి. అప్పటికి మడులు ఆరవు. బండి పాకలో ఉంది, నడుస్తుంది, ఆమె ఎక్కకూడదు.

అందుకే ఇది రాస్తున్నాను, మీకు ఒళ్ళు గగుర్పొడవాలని కాదు. మీలో ట్రాక్ బండి విప్పినవాళ్ళుంటారు. మంచులో ఈ కిట్ నడిపినవాళ్ళుంటారు. భౌతికశాస్త్రం చెప్పే మాస్టర్లుంటారు. దేవుడే తిప్పాడని ఇంట్లో కూర్చుని అనకండి. ముసలాడు భ్రమపడ్డాడని కూడా ఇంట్లో కూర్చుని అనకండి. కొలతబద్ద, పానాలు పట్టుకుని బయల్దేరండి. భోపాల్‌పట్నం బస్టాండుకు వచ్చి మంచు బండి సారు ఎక్కడని అడగండి, ఎవరైనా చూపిస్తారు. బండి ఎక్కండి, బురదలో పడండి, నా తప్పు పట్టుకోండి. కామయ్య ఎదురుగా ఆ స్కీని ఎడమకు జరిపి చూపించండి. కార్తీకం రాకముందే రండి.