తట్టని చేయి

మా జూడో మాస్టారు పోయారు. ఈ ఎడారి దేశంలో నేను డ్రైవర్‌గా ఉన్న ఇంటి మేడమ్‌ను వెస్ట్ బేలో ఆఫీసు దగ్గర దింపి బండి పక్కకు తీస్తుండగా ఫోన్ వచ్చింది. చేసింది ఆయన రూమ్మేట్, మా క్లాసులోనే నేర్చుకునే జగిత్యాల తమ్ముడు.

"అన్నా, మాస్టర్ పోయిండు. డ్యూటీకెల్లి వచ్చినంక ఛాతిల నొస్తుందన్నడు. దవాఖానకు పోదామంటే, గ్యాసేరా, పండుకో అన్నడు. నేను పండుకున్న. పొద్దుగాల లేపితే లేవలే."

అతని గొంతులో ఏడుపు లేదు, అదే నన్ను భయపెట్టింది. నాకైతే ముందు కోపం వచ్చింది, పోయిన మనిషి మీదే.

ఆ కోపం మీకు అర్థం కావాలంటే ఆయన పాఠం గురించి చెప్పాలి. బిల్డింగు సైట్‌లో ఆయన పరంజాలు కట్టించే స్కాఫోల్డింగ్ ఫోర్‌మన్. శుక్రవారం పొద్దున ముఐథర్ పేటలో ఒక విల్లా వెనక హాల్లో మాకు గురువు. తన సైట్‌లో పనిచేసిన జపాన్ ఇంజనీర్ దగ్గర నేర్చుకున్న విద్యను మాకు పంచారు. ఎత్తి పడేయడం నేర్పుతారని ఉబలాటంగా వెళ్తే, ముందు మ్యాట్‌ను అరచేత్తో తట్టడం నేర్పారు. అవతలివాడి పట్టు భరించలేకపోతే తట్టాలి. తట్టగానే అతను వదలాలి.

అది మాకు ఒక పట్టాన వచ్చేది కాదు. ఎండకు కళ్లు తిరిగినా ఇంటికి ఫోన్ చేసి బాగున్నామని చెప్పే వాళ్లం కదా! మొహం కందిపోతున్నా పళ్లు బిగబట్టేవాళ్లం.

"మీరు మొగోళ్లని నాకెర్కనే, తట్టుండ్రి!" అని అరిచేవారు. "తట్టుడంటే ఓడుడు గాదు. వచ్చే శుక్రారం మళ్ల వచ్చుడు."

జ్వరంతో బండి నడపలేనని మేడమ్‌కు నోరు తెరిచి చెప్పగలిగానంటే ఆ పాఠం చలవే. అందుకు ఆయనకు రుణపడి ఉంటాను. మా అందరికీ అంత చెప్పిన మనిషి తన దాకా వచ్చేసరికి గ్యాస్ అన్నారు.

ఆయన లేని మొదటి శుక్రవారం అందరం వచ్చాం. ఆయన నిలబడే ఖాళీ చోటుకు వంగి దండం పెట్టాం. జగిత్యాల తమ్ముడు నా ముందుకొచ్చి కూర్చున్నాడు.

"మెడ పట్టు పట్టన్నా."

పట్టాను. అప్పుడు గమనించాను, అతను రెండు చేతులూ తన బెల్టులోకి దోపేసుకున్నాడు. తట్టడానికి చేయి లేకుండా చేసుకున్నాడు. కణతల దగ్గర నరాలు ఉబ్బాయి. "పట్టినోడు ఎదుటోని మొఖం చూడాలె, చేతిని గాదు" అని మాస్టారు అనే మాట చెవిలో పడ్డట్టయింది. చూశాను. ఆ కళ్లు నన్ను బతిమాలుతున్నాయి, వదలమని కాదు, వదలొద్దని.

వెంటనే వదిలేశాను.

"ఎందుకిడిచినవే?" అని దగ్గుతూ నా జాకెట్ పట్టుకున్నాడు.

"ఆసుపత్రికి పోదామని అడిగితివి కదా తమ్ముడూ! గ్యాసని దాచిపెట్టింది ఆయప్ప. నీ తప్పేముండాది?"

గుప్పిళ్లు వదలకుండా నా ఛాతీలో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. బయట మావాళ్లను లేబర్ క్యాంపుకు తీసుకెళ్లే వ్యాన్ హారన్ కొడుతూనే ఉంది. చెప్పులు వేసుకోవడానికి ఒక్కరూ లేవలేదు.