ఎనిమిది దినాలకని తీసుకున్న గాజులు

సభలకు పిలిచి శాలువ కప్పినప్పుడల్ల నాకు ఒళ్లంత జెర్రులు పారినట్టుంటది. "తండల వస్తువుల మీద ఇంత పని ఇంకెవరు చేసిండ్రు?" అంటరు. చేసిన, నిజమే. ఎట్ల చేసిన్నో ఒక్కడన్న అడిగిండా? థూ!

అప్పటికి నాకు ఇరవై రెండేండ్లు. నిజాం జమాన. పట్నంల ఒక సాబు సొంతంగ అజాయబ్‌ఘర్, గదే మ్యూజియం, కట్టుకుంటుండె. అద్దాల బీరువలు నింపేటందుకు చేవెళ్ల, మొయినాబాద్ దిక్కు గొంగళ్లు, అల్లిన గుల్లలు, నాగళ్లు, కనపడ్డదల్ల జమచేసుడు నా కొలువు. లంబాడ మాట జర వస్తదని నన్ను పెట్టుకున్నడు.

మొయినాబాద్ అవతల తండల ఆడోళ్లకు మోచేతి మీదికెల్లి సంకదాక తెల్లటి దంతపు గాజులుండె. పెండ్లినాడు ఎక్కినయి మొగడున్నన్ని దినాలు దిగయి, వాటి జాగల వేరేవి ఎక్కయి. మొగడు పోయినోళ్లవి అడిగితే, "ఆయనతోనే మట్టిలకు పోయినయి" అన్నరు. అంటే పూర జత కావాలంటే మొగడు బతికున్నామె చేతులకెల్లే దింపాలె. ఆ సంగతి తెలిసినోన్ని నేనొక్కన్నే. నోరు మూసుకుంటే అయిపోతుండె. మూసుకుంటనా! గొప్పకు వోయి సాబుకు పూసగుచ్చినట్టు చెప్పిన.

ఊరి పటేలు ఒకామెను చూపిండు. ఆమె మొగడు పటేలు ఇంట్ల వెట్టి చేసేటోడు, కాదనే దిక్కులేదు. అయినా ఆమె, "బతికున్న మొగనికి అపశకునం, నేను తియ్య" అన్నది. గాజుల కోసం తనే వచ్చిన సాబు గడియారం చూసుకుంటుండు. అప్పుడు నేను ఆమె భాషల్నే చెప్పిన: "బొమ్మ గీసుకోని ఎనిమిది దినాలల్ల నేనే తెచ్చిస్త, అక్కా. నీ తమ్ముని అసుంటోన్ని." పచ్చి అబద్ధం. గంత తియ్యగ ఎట్ల వచ్చిందో నా పాడు నోటికి!

సబ్బు రాసి గుంజిండ్రు. ఏండ్లసంది బిగిసిన గాజులు, తోలు లేచి నెత్తురొచ్చింది. సాబు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకోని, "జాగ్రత్త, పగులుతయి" అన్నడు. గాజుల గురించే. నేను కాగితం మీద "ఇష్టంగ ఇచ్చినవి" అని రాసి దస్కతు చేసిన.

తెల్లారి పెట్టెను శంకర్‌పల్లి స్టేషనుకు మొయ్యాలె. పటేలు వెట్టికి ఎవరిని తోలిండనుకున్నరు? ఆమె మొగన్నే. పెండ్లాం గాజులు నెత్తిమీద పెట్టుకోని నడిచిండు ఆ మనిషి. బాటల ప్రొద్దుటూరు అనే పల్లె కాడ పెట్టె దించి నీళ్లు తాగి అడిగిండు:

"గాజులు ఈ పెట్టెలనే ఉన్నయా, దొరా?"

"ఉన్నయి."

"జర జల్ది తెండి. బోసిచేతులతోని ముంగటికొస్తే నాకేమన్నైతదని ఆమెకు భయం. రాత్రి తడిక అవతలికెల్లి బువ్వ తోసింది."

"ఎనిమిది దినాలే" అన్న. మల్ల అదే మాట! ఆయన తలూపి పెట్టె నెత్తికెత్తుకున్నడు. నేను చెయ్యి కూడ వెయ్యలే.

బండి పొయ్యింది, గాజులు బీరువలకెక్కినయి. సాబు శాబాష్ అన్నడు, నా కొలువు పెద్దగయింది. పదేండ్లు ఈ ఇలాకల తండలన్ని తిరిగిన గని, ఆ తండ బాట తొక్కలే. ఫుర్సత్ లేదని నాకు నేనే చెప్పుకునేటోన్ని. నాసుంటోని తెలివికి తెగులు పుట్ట!

పందొమ్మిది వందల నలభైలల్ల, వెట్టి మీద ఊర్లల్ల లొల్లి మొదలైనంక, ఒకనాడు చేవెళ్ల అంగట్ల ఆ మనిషి కనపడ్డడు. తల నెరిసింది, అయినా గట్టిగనే ఉన్నడు. ఆయనకు ఇరవై అడుగుల ఎనుక, చేతులు రెండు కొంగుల చుట్టుకోని, ఆమె. మొగని ముంగటికి రాకుంట పదేండ్లు గట్లనే నడిచినట్టున్నది. నేను ఉల్లిగడ్డ బస్తాల చాటుకు తప్పుకోబోయిన. ఆమె అప్పటికే గుర్తువట్టింది. తిడ్తదనుకున్న. తిట్టినా బాగుండు.

"తమ్మీ, తెచ్చినవా?" అన్నది. కొంగు జరిపి, బోసిచేతులు రెండు నా ముంగట చాపింది.