ఎవరి మాటా ఒప్పుకోని అభ్యర్థి

ఆర్విడ్ టోలెఫ్‌సన్‌కి ఒక్కటే జబ్బు. నలుగురూ ఔనన్నదాన్ని అతను ఔననలేడు.

జనవరిలో మా ఊరి గాలికి కనురెప్పల మీద మంచు పేరుకుంటుంది. అలాంటి పొద్దున కేఫ్‌లో ఎవరో పొరపాటున “అబ్బ, ఏం చలి!” అన్నారు. “ఇదీ ఒక చలేనా?” అంటూ ఆర్విడ్ కోటు గుండీలన్నీ విప్పేశాడు. వారమంతా తుమ్ముతూనే ఉన్నాడు. జలుబా అని అడిగితే, “కాదు, గడ్డిపూల పుప్పొడి పడదు నాకు” అన్నాడు. మాకు గడ్డి కనబడాలంటే ఏప్రిల్ దాకా ఆగాలి.

ఈ పెళ్లికి ఎవరికైనా అభ్యంతరముందా అని పాస్టర్ అడిగినప్పుడు చర్చిలో జనమంతా ఆర్విడ్ వైపే తిరిగారట. అది అతని పెళ్లే.

కొత్త పాస్టర్ భార్య మొదటిసారి చర్చి విందుకి హాట్‌డిష్ అనే మాంసం, బంగాళాదుంపల వంటకం వండి తెచ్చినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. పాపం, కంగారులో ఉప్పుకి బదులు పంచదార వేసింది. ఒక్క ముద్ద నోట్లో పెట్టగానే ఊరందరికీ కడుపు నిండిపోయింది. ఆర్విడ్ మాత్రం, “ఈ హాల్లో ఇన్నాళ్లకి తిండి లాంటి తిండి దొరికింది” అని మారు వడ్డించుకున్నాడు.

“మొండితనానికి నాలుక కూడా ఉండదు,” అన్నాడు విత్తనాల కొట్టు లోయల్ బ్రెకీ.

ఇలాంటి మనిషి ఊరి బడిని నడిపే స్కూలు బోర్డు ఎన్నికలో నిలబడ్డాడు.

మా బడిలో పిల్లలు తగ్గిపోయారు. బడి మూసేసి, చిన్నపిల్లలతో సహా అందర్నీ బస్సెక్కించి పక్క ఊరికి పంపాలని బోర్డులో మాటలు నడుస్తున్నాయి. శీతాకాలంలో ఆ రోడ్డు మీద లారీలే దొర్లి పడుతుంటాయి. ఆ బడి లైబ్రరీలోనే పనిచేసి రిటైరైనవాణ్ణి నేను. నాకు నిద్ర పట్టేది కాదు. అప్పుడు బోర్డులో ఒక సీటు ఖాళీ అయింది. ఈమధ్యే ఊళ్లోకి వచ్చిన పశువుల డాక్టరు జోలీన్ పవ్లిక్ ఒక్కతే పోటీకి పేరిచ్చింది. “ఒక్కరే నిలబడితే దాన్ని ఎన్నికంటారా?” అని ఆర్విడ్ కూడా పేరిచ్చేశాడు.

ప్రచారానికి మొదట మా గుమ్మమే ఎక్కాడు.

“బడి మూయకూడదు. ఉన్నది ఉన్నట్టే ఉంచాలి,” అన్నాడు గడ్డం ఎగరేసి.

“నేననేదీ అదే.”

అతని ముఖం వాడిపోయింది. “అంత తొందరగా ఒప్పుకుంటే ఎలాగయ్యా? కాస్త ఆలోచించుకో.”

“ఆలోచించే అంటున్నా.”

“ఇంకొంచెం ఆలోచించు,” అని బతిమాలి వెళ్లిపోయాడు.

ఏ ఇంటికెళ్లినా ఇదే గోల. ఊరంతా అతని మాటే! ప్రతి ఇంటి ముందూ గడ్డిలో పాతిన అతని ప్రచార బోర్డే! “తీసేయండర్రా, కింద గడ్డి చచ్చిపోతుంది” అంటూ వీధులన్నీ తిరిగాడు. ఒక్కరూ తియ్యలేదు. “ఇష్టమైన ఆపిల్ పై తినడం కూడా మానేశాడు. ఇలా అయితే గెలిచేలోపే పోయేలా ఉన్నాడు,” అని వాళ్లావిడ వెర్నా నా దగ్గర మొత్తుకుంది.

అభ్యర్థులిద్దరూ మాట్లాడే రోజు బడిలో పిల్లలు ఆటలాడే జిమ్ము హాలు కిటకిటలాడింది. ఆర్విడ్ ముందు మాట్లాడాడు. నోరు తెరిస్తే చప్పట్లు, మూస్తే చప్పట్లు. చేదు మందు తాగినవాడిలా ముఖం పెట్టి కూర్చున్నాడు.

తర్వాత జోలీన్ లేచింది. “బడిని ఉన్నది ఉన్నట్టు నడపలేం...” అందో లేదో, జిమ్మంతా గోల.

“వెళ్లి ఆవుల్ని చూసుకోవమ్మా!” అని లోయల్ అరిచాడు. జనం పగలబడి నవ్వారు. ఆ అమ్మాయి మైకు పట్టుకుని ఒక్కతే నిలబడింది.

అప్పుడు కిర్రుమని చప్పుడైంది. ఆర్విడ్ తన కుర్చీని నేల మీద ఈడ్చుకుంటూ స్టేజీ ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లి, ఆమె పక్కన వేసుకుని కూర్చున్నాడు.

“ఆర్విడ్ టోలెఫ్‌సన్ చెప్పింది నాకు నచ్చలేదు,” అన్నాడు.

“ఆర్విడ్‌వి నువ్వే కదయ్యా!” అన్నాడు లోయల్.

“అందుకే వాడి సంగతి నాకు బాగా తెలుసు. ఉన్నది ఉన్నట్టే ఉంచాలన్నాడు. ఎలా ఉంచాలో చెప్పాడా? చెప్పలేదు. వాడికి తెలిస్తే కదా! డాక్టరమ్మా, నువ్వు కానివ్వు.”

ఆమె చెప్పింది. పెద్ద తరగతుల పిల్లలు బస్సులో వెళ్తారు. చిన్నవాళ్లు ఇక్కడే ఉంటారు. ఖాళీ అయిన సగం బడికి హీటర్లు కట్టేస్తే, ఆ డబ్బుతో మిగతా సగం నడుస్తుంది.



“మరి ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా?” అన్నారెవరో.

“చెప్పనిస్తేగా!” అంది జోలీన్.

ఆమే గెలిచింది. తన ఓటు కూడా ఆమెకే వేశానని ఆర్విడ్ ఊరంతా చాటాడు.

“గెలిచే ఎన్నికని చేజేతులా పోగొట్టుకున్నాడు. ఇదేం మొండితనం?” అన్నాను వెర్నాతో.

“మొండితనమని చాలా ఏళ్లు నేనూ అనుకున్నాను. అవతలివాళ్ల మాట ఏమిటో ఆయన చూడడు. అటువైపు ఎవరున్నారో చూస్తాడు. ఒక్కరే ఉన్నారనుకో, ఇక్కడ కూర్చోలేడు. వెళ్లి పక్కన చేరతాడు. ఆ తియ్యటి హాట్‌డిష్ తిని రాత్రంతా కడుపు పట్టుకుని మూలిగాడు తెలుసా?”

“మరి ఆ చలి సంగతి?”

“అది మాత్రం మొండితనమే.”

వసంతంలో బోర్డు సమావేశానికి నేనూ ఆర్విడూ వెళ్లి వెనక వరసలో కూర్చున్నాం. జోలీన్ తన పథకాన్ని ఓటుకి పెట్టింది. చేతులన్నీ ఒకేసారి లేచాయి. చిన్నపిల్లల బడి నిలబడింది. నేను కళ్లద్దాలు తుడుచుకునేలోపే ఆర్విడ్ టోపీ తీసుకుని లేచాడు.

“ఎక్కడికి?”

“కేఫ్‌కి. ఆ రోజు డాక్టరమ్మని అలా అన్నాడని, అప్పుడు నవ్వినవాళ్లే ఇప్పుడు లోయల్ బల్ల దగ్గర కూర్చోవడం లేదట.”

“అతను అన్నది తప్పే కదా ఆర్విడ్?”

“తప్పే. తప్పు కాకపోతే వాడి పక్కన కూర్చోడానికి బోలెడుమంది ఉండేవాళ్లు,” అంటూ తలుపు తీసుకుని వెళ్లిపోయాడు.