అప్పడాల కర్రతో పలికిన పియానో

నా చిన్నప్పుడు, విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉన్న మా చర్చి పియానోకి ఉప్పుగాలి పెద్ద శత్రువు. డెబ్బైల చివర్లో అనుకుంటాను, సరిగ్గా ఈస్టర్ వారంలో నడిమి మెట్టు తీగలు తుప్పుపట్టి తెగిపోయాయి. మద్రాసు నుంచి వచ్చి బాగుచేసే ఆయన పండగ వెళ్ళాకగానీ రానన్నాడు. హార్మోనియంతో కానిచ్చేద్దామన్నారు చర్చి పెద్దలు. ఆ ఈస్టర్ ఆరాధనలో మొదటిసారి పియానో వాయించాల్సింది నేను. నాకు హార్మోనియం రాదు. ఇంటికొచ్చి అన్నం ముట్టకుండా ఏడుస్తూ కూర్చున్నాను.

నాకు పియానో నేర్పింది మా అత్త, నాన్నగారి అక్క. ఆవిడకి జాలి తక్కువ, కోపం ఎక్కువ. "ఏడిత్తే తీగలు మొలుత్తాయేటే? లెగు!" అంది. మద్రాసాయన కిందటిసారి వదిలివెళ్ళిన తీగ చుట్ట, బిగించే కీ చర్చి బీరువాలో ఉన్నాయి. లేనిదల్లా, పియానోలో తీగ కొనని పట్టి ఉంచే మేకుకి తీగని చుట్టే పనిముట్టు. అత్త వంటింట్లోకి వెళ్ళి అప్పడాల కర్ర పట్టుకొచ్చింది.

"సపాతీలు ఇంక దేంతో ఒత్తాలి వదినా?" అని అమ్మ మొత్తుకుంటూనే ఉంది.

పియానో మేకు తల నలుచదరంగా ఉంటుంది. అత్త అలాంటి పాత మేకునొకదాన్ని కుంపట్లో ఎర్రగా కాల్చి, పట్టకారుతో పట్టుకుని, తలవైపు నుంచి కర్ర చివర దింపింది. గుప్పున పొగలేచి, మేకు తలకి సరిపోయే గుంట పడింది. ఇక మేకుని అందులో బిగించి, దాని బెజ్జంలో తీగ కొన దూర్చి, కర్ర తిప్పడమే.

నేను జడకి రిబ్బను చుట్టినంత మెత్తగా తిప్పాను. తీగ చిటుక్కున విడిపోయి చెంప గీరింది.

"తీగతో మొహమాటమేటే? నాను లాగి పట్టుకుంటాను, నువ్వు తిప్పు. బిగువు మాత్రం వదలకు."

ఆవిడ వెనక్కి వాలి లాగింది. నేను పళ్ళు బిగించి తిప్పాను. చుట్టు పక్కన చుట్టు చక్కగా కూర్చుంది. అలాగే మిగతా తీగలూ చుట్టి, మేకుల్ని తిరిగి పియానోలో దిగ్గొట్టాం.

కొత్త తీగ ఊరికే శ్రుతి దిగిపోయేది. పండగ పొద్దున జనం వచ్చేదాకా అత్త కీతో బిగిస్తూనే ఉంది. పాట మొదలై, ఆ మెట్టు మీద నా వేలు పడగానే ఖంగుమంది. చర్చంతా లేచి పాడింది. హార్మోనియం చాలన్న పెద్దాయన గొంతే అందరికంటే గట్టిగా వినిపించింది. అంత గర్వం నాకు నా పెళ్ళిలో కూడా కలగలేదు.

చివర నల్లగా కాలిన ఆ కర్రతోనే ఇప్పటికీ చపాతీలు ఒత్తుతాను. ఇంట్లో ఏదైనా పాడైతే, ఎవరిని పిలవాలా అని మావాళ్ళు ఫోన్లలో వెతుక్కుంటారు. నేను ముందు వంటింట్లోకి వెళ్తాను.