క్రిస్టోఫర్ సారు బండిలో చప్పుడు

చప్పుడు విని బండి జబ్బు చెప్పడంలో మెదక్‌లో నన్ను మించినవాడు లేడని నేనే చెప్పుకుంటాను. వేరేవాళ్లు చెప్పేదాకా ఆగే ఓపిక నాకు లేదు. పేరు ఇంద్రకరణ్. ఇరవై రెండేళ్లుగా నర్సాపూర్ రోడ్డులో షెడ్డు నడుపుతున్నాను. పొడుగాటి స్క్రూడ్రైవరు కొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నానంటే లోపల ఏ ముక్క అరిగిందో చెప్పేస్తాను. అలాంటి నన్ను నాలుగు నెలల పాటు తిప్పలు పెట్టింది ఒక సన్నటి చప్పుడు. అది క్రిస్టోఫర్ సారు బండిది.

సారు రేగోడ్ దారిలో ఒక ఊరి బడిలో లెక్కలు చెబుతారు. ఆయన భార్య సలోమి మేడం అదే దారిలో, బడికి రెండు కిలోమీటర్ల ఇవతల ఊళ్లో నర్సు. అక్కడి నుంచి బడిదాకా గుంతల రోడ్డు, బండి రెండో గేరు దాటదు. తొమ్మిదేళ్లు ఇద్దరూ ఒకే కారులో వెళ్లి ఒకే కారులో వచ్చారు. పాత డీజిల్ బండి. సెలవు రోజైనా సారు ఒక్కరే ఎక్కడికీ వెళ్లేవారు కాదు. సర్వీసుకు వస్తే మాట్లాడేది మేడమే. "ఇంద్రకరణ్, మీ సారు బ్రేకు మీద కాలు పెట్టుకొనే పుట్టిండు, జర చూడు" అనేది. సారు నవ్వేవారు. నిజం చెప్పాలంటే ఆ నవ్వు తప్ప ఆయన గురించి నాకు అప్పట్లో పెద్దగా ఏమీ తెలియదు.

జూలైలో మేడం డ్యూటీ నుంచి వచ్చి, టీ పెడుతూ పెడుతూ కింద పడిపోయింది. హైదరాబాద్ దవాఖానాలో రెండు రోజులుంది. మూడో రోజు శవాన్ని తీసుకొచ్చారు. సమాధుల తోటకు నేనూ వెళ్లాను. సారు వచ్చినవాళ్లకు కుర్చీలు వేయించారు, అందరికీ నీళ్లు అందాయా అని అడిగారు, పాస్టరుగారి గొడుగు కనబడకపోతే వెతికి ఇచ్చారు. ఈయన గుండె రాయి అనుకున్నారు చూసినవాళ్లు. నేనూ అదే అనుకున్నాను, ఇప్పుడు దాచి లాభమేముంది.

పది రోజులకు సారు మళ్లీ బడికి వెళ్లడం మొదలుపెట్టారు. ఆ వారంలోనే షెడ్డుకు వచ్చారు.

"ఇంజన్ల చప్పుడొస్తుంది ఇంద్రకరణ్. సన్నగ. టక్ టక్ మని."

"ఎప్పుడొస్తుంది సార్?"

"మూడో గేర్ల, నలభై దాటంగనే. ఎక్సిలేటర్ తీస్తె ఆగుతుంది."

ఆ మాట వింటే ఏ మెకానిక్కుకైనా గుండె ఝల్లుమంటుంది. లోపల బేరింగ్ అరిగితే చప్పుడు మొదట అలాగే, సన్నగా మొదలవుతుంది. అశ్రద్ధ చేస్తే ఏదో ఒకరోజు నడిరోడ్డు మీద ఇంజన్ పట్టేస్తుంది. అందుకని నా పద్ధతిలో విన్నాను. నా పద్ధతి ఏమిటంటే, బండి ఎవరిదో వాళ్లే నడపాలి, నేను పక్క సీట్లో కళ్లు మూసుకుని కూర్చోవాలి. స్టీరింగ్ చేతిలో ఉంటే ధ్యాసంతా రోడ్డు మీదే ఉంటుంది, చెవి పనిచేయదు. ఇది నా గురువు నేర్పింది కాదు, నేనే కనిపెట్టాను. దాని మీద నాకు మహా గర్వం.

రామాయంపేట రోడ్డులో ఐదు కిలోమీటర్లు వెళ్లొచ్చాం. ఏ చప్పుడూ లేదు. ఆయిలు మార్చి పంపాను. వారం తిరగకుండా మళ్లీ వచ్చారు. మళ్లీ ఇద్దరం వెళ్లాం. లేదు. ఇంజన్ కింద రబ్బరు మౌంటింగ్ కొత్తది వేశాను. మూడోసారి ఇంజన్ పై మూత విప్పి, వాల్వులను కదిపే టాపెట్లు కూడా సరిచేశాను. ఎన్నిసార్లు వెళ్లినా, ఇద్దరం కూర్చుంటే బండి కిక్కురుమనేది కాదు.

"సార్, చప్పుడు ఇంజన్ల లేదు, మీ చెవుల్ల ఉన్నది," అన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

"అయ్యుండొచ్చు," అన్నారు సారు.

అంతే. ఎదురు తిట్టినా బాగుండేది. ఆ నాలుగు నెలలూ ఆయన ఏ మాటకైనా అంతే. టీ ఇస్తే తాగేవారు, చక్కెర వేయడం మరిచిపోయినా తాగేవారు. చొక్కా గుండీలు ఒకదాని బదులు ఇంకొకటి పెట్టుకుని వచ్చేవారు. "తిన్నరా సార్" అంటే కాసేపు ఆలోచించి "తిన్ననుకుంట" అనేవారు. మేడం దిగే ఊళ్లో ఇప్పటికీ రోజూ ఒక నిమిషం బండి ఆపుతారని రేగోడ్ బస్సు డ్రైవరు నాతో చెప్పాడు. ఎందుకని అడిగితే అలవాటు అన్నారట.

నవంబరులో సారు కూతురు నిస్సి నాకు ఫోన్ చేసింది. హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం ఆ అమ్మాయికి.

"అన్నా, డాడీ ఒక్కడే ఆ రోడ్డుకు పోతుండు. నడుమల బండి ఆగిపోతె ఎవరున్నరు? ఈ శనివారం లోపల చప్పుడేందో తెలిస్తె సరే. లేకుంటె అమ్మేస్తం. తూప్రాన్ల అమరేందర్ అని పాత బండ్లు కొంటడు, శనివారం నాలుగింటికి నీ షెడ్డుకే వస్తడు. డాడీ బస్సుల పోతడు."

ఆ అమ్మాయి అన్నదాంట్లో తప్పేమీ లేదు. నేనే చప్పుడు పట్టుకోలేకపోయాను.

రెండో శనివారం, బడికి సెలవు. పదకొండింటికి సారు వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. బండి అమ్మడం ఆయనకు ఇష్టమేనా అని అడిగాను.

"ఇంట్ల ఆమెవి అన్నీ ఇచ్చేసిన్రు. చీరలు చర్చి సంఘపోళ్లు తీస్కపోయిన్రు. నాకు నిద్ర పడ్తలేదని మంచం గూడ మార్చిన్రు," అన్నారు గోడ వైపు చూస్తూ. బడిలో హాజరు పిలిచే గొంతు అది. "ఈ బండొక్కటి ఉన్నది. ఉండనియ్యి అనిపిస్తది. ఎందుకో చెప్పొస్తలేదు."

నాలుగు నెలల్లో ఆయన నోట నేను విన్న పెద్ద మాట అదే. ఈ బండి పోకూడదు అనుకున్నాను.

"నడువుండ్రి సార్, ఇంకోసారి పోదాం."

సారు లేవబోయి మళ్లీ కూర్చున్నారు. "నాతోని గాదు ఇంద్రకరణ్. నువ్వే పోయిరా," అని తాళం చేతిలో పెట్టారు.

ఇది నా పద్ధతికి విరుద్ధం. గొణుక్కుంటూనే ఒక్కణ్నే ఎక్కాను. ఊరు దాటి మూడో గేరులో నలభై దాటించానో లేదో, టక్. టక్ టక్ టక్.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు పండగే అయింది. ఉంది! సారు చెవులు బాగానే ఉన్నాయి. ఎక్సిలేటర్ తీస్తే ఆగింది, తొక్కితే మొదలైంది. అయితే అది ముందు నుంచి రావడం లేదు. ఎడమ పక్క నుంచి, దాదాపు నా భుజం ఎత్తులో వస్తోంది. అక్కడ ఇంజన్‌కు ఏం పని? తల తిప్పి చూశాను. పక్క సీటు బెల్టు. లోపలి స్ప్రింగు చచ్చిపోయి పట్టీ వదులుగా వేలాడుతోంది. పట్టీకున్న ఇనుప నాలుక, ఇంజన్ బరువు లాగినప్పుడల్లా వణుకుతూ, తలుపు పక్కనున్న ప్లాస్టిక్కుకు కొట్టుకుంటోంది.

బండి ఆపాను. బెల్టును ఖాళీ సీటు మీదుగా లాగి క్లిప్పులో బిగించి నడిపాను. చప్పుడు లేదు. విప్పి నడిపాను. ఉంది.

నవ్వొచ్చింది. బంగారం లాంటి ఇంజన్‌ను పట్టుకుని టాపెట్లు విప్పావు కదరా అని నన్ను నేనే తిట్టుకున్నాను. మరి మూడుసార్లూ నాకెందుకు వినబడలేదు? నేను పక్కన కూర్చుని బెల్టు పెట్టుకున్నాను కాబట్టి. పెట్టుకోకపోతే ఆ బండి కుయ్యి కుయ్యిమని అరిచి ఇంకే చప్పుడూ విననివ్వదు. ఆ సీట్లో మనిషి ఉంటే ఈ నాలుక మోగదు. తొమ్మిదేళ్లు మోగలేదు.

అక్కడితో నా నవ్వు పోయింది. రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోసి ఉన్నాయి, పక్కకు తీసి బండి ఆపుకుని కాసేపు అలాగే కూర్చున్నాను. మేడంను మట్టి చేసిన రోజు కూడా నాకు అంత బాధ కలగలేదు.

సారుకు ఏం చెప్పాలి? ఏదో బోల్టు వదులైంది, బిగించాను అంటే సరిపోతుంది. బెల్టు నాలుకకు రబ్బరు ముక్క చుట్టేస్తే ఆయనకు జన్మలో తెలియదు. బండీ మిగులుతుంది. షెడ్డు చేరేదాకా అలాగే చెబుదామనుకున్నాను. కానీ నాలుగు నెలలు ఆయన ఒక్కడే విన్న చప్పుడది, పైగా ఆయన చెవుల్లోనే ఉందని వెక్కిరించింది నేను. ఆయన ముందు నిలబడ్డాక అబద్ధానికి నోరు రాలేదు.

"దొరికింది సార్. ఇంజన్ల ఏం లేదు. పక్క సీటు బెల్టు అది. సీటు ఖాళీగ ఉంటె ఊగి ప్లాస్టిక్కుకు తాకుతుంది. మనిషి కూసుంటె రాదు."

"మనిషి కూసుంటె రాదు," అని సారు మెల్లగా తిరిగి అన్నారు. లేచి వెళ్లి, ఆ పక్క తలుపు తెరిచి, ఇనుప నాలుకను రెండు వేళ్లతో పట్టుకున్నారు. వదిలారు. మళ్లీ పట్టుకున్నారు.

"రబ్బరు చుడుత సార్, ఆగిపోతది," అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

ఇంతలో ఆయన జేబులో ఫోన్ మోగింది. నిస్సి. ఆ అమ్మాయి గొంతు పెద్దది, నాకు వినబడుతూనే ఉంది.

"డాడీ, చప్పుడు దొరికిందా?"

"దొరికింది బిడ్డా."

"ఏమైందట?"

సారు రెండో చేత్తో తలుపు పట్టుకున్నారు.

"అమ్మ లేదు నిస్సీ."

"డాడీ?"

"అమ్మ లేదు బిడ్డా. అమ్మ పోయింది," అన్నారు, ఆ సంగతి ఆ అమ్మాయికి ఇంకా ఎవరూ చెప్పనట్టు. అని ఆయిలు మరకల నేల మీదే కూలబడి, ఫోన్ చెవికి పెట్టుకుని, వెక్కి వెక్కి ఏడ్చారు. అవతల ఆ అమ్మాయి కూడా ఏడుస్తోంది. నేను బయటికి వెళ్లి నిలబడ్డాను.

నాలుగింటికి అమరేందర్ తూప్రాన్ నుంచి వచ్చి బండి ఏదని అడిగాడు. అమ్మేది లేదని చెప్పి పంపించేశాను. ఆ మాట చెప్పమని నాతో ఎవరూ అనలేదు.