చెరువు కెమెరా డిస్క్

దయ్యాలనే మాటెత్తితే నాకు నవ్వొచ్చేది. ఏలూరులో కంప్యూటర్ రిపేరు షాపు నడుపుతున్నదాన్ని. పాడైన వస్తువుకి కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది, అంతే. దిష్టికని మా అత్తగారు షాపు గుమ్మానికి నిమ్మకాయ కడితే, తీసి పులిహోరలో పిండమన్న మనిషిని.

పోయిన వేసవిలో కలిదిండి వైపు నుంచి సత్యవతి గారని ఒకావిడ వచ్చారు. చేపల చెరువు దగ్గరున్న సీసీ కెమెరాల హార్డ్ డిస్క్‌ని తువ్వాల్లో చుట్టి తెచ్చారు. ఆవిడ భర్త చేపలకి మేత కట్టడానికి పడవలో వెళ్ళి, చెరువులో పడి చనిపోయారు. ఆ ఉదయమే ఇద్దరికీ ఏదో మాటామాటా అయిందట. నీ నోటికి తాళలేకే నా కొడుకు దూకేశాడని అత్తగారు అప్పటినుంచీ ఒకటే పోరు.

“జారారో, దూకారో చూసి చెప్పండమ్మా. ఏదైనా సరే తట్టుకుంటాను,” అన్నారు.

డిస్క్ ఆరోగ్యం చూసే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. ఎక్కడెక్కడ పాడైందో చెబుతుంది. బండికి కిలోమీటర్ల మీటరులాగా, డిస్క్ ఎన్నిసార్లు ఆన్ అయిందో కూడా చూపిస్తుంది. రిపోర్టు ఎర్రగా వచ్చింది. లోపల టక్ టక్ మని చప్పుడు. ఆ ఉదయం రికార్డింగు ఉన్న చోటే అసలు చదవడం లేదు. ఇంకా తిప్పితే మొత్తం పోతుందని కేబుల్ పీకేసి, డిస్క్‌ని పేపరు మీద పెట్టాను. ఆవిడ మొహం చూస్తూ నా వల్ల కాదని చెప్పలేక, టీ తెస్తానని బయటికి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి ఆవిడ స్క్రీను దగ్గరికి జరిగి కూర్చున్నారు. స్క్రీను మీద చెరువు కనిపిస్తోంది. పడవలో ఒకాయన నిలబడి, నీళ్ళలో పాతిన గెడకి మేత సంచి కడుతున్నారు. ముడి బిగించబోతే కాలు జారింది. పడిపోతూ సంచి పట్టుకున్నారు, అదీ ఊడొచ్చింది. నా రెండు కళ్ళతో చూశాను.

“జారారండీ! చూశారా, పట్టుకోబోయారు!” అని ఆవిడ భోరుమన్నారు.

సేవ్ చేద్దామని మౌస్ అందుకున్నాను. స్క్రీను మీద ఎర్ర రిపోర్టు తప్ప ఏమీ లేదు. డిస్క్ పేపరు మీదే ఉంది, కేబుల్ లేకుండా. భయమేసింది, దాచుకోవడం ఎందుకు.

డిస్క్‌ని మళ్ళీ తగిలించి చూశాను. మీటరులో ఒక్క అంకె పెరిగింది. అది నేను అప్పుడు ఆన్ చేసినందుకు. మధ్యలో ఎవరైనా పెట్టి తీసుంటే రెండు పెరగాలి. నా కంప్యూటరంతా గాలించాను. వీడియో ముక్క కూడా దొరకలేదు.

కాపీ లేదని ఆవిడకి చెప్పాను. “అయితే మీరే వచ్చి మా అత్తగారికి చెప్పండమ్మా. నా మాట నమ్మరు,” అన్నారు.

వెళ్ళాను. మంచం మీద కూర్చున్న ఆ పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, “నువ్వు చూశావా అమ్మా?” అని అడిగారు.

“చూశానండి. కాలు జారింది. బతకాలనే సంచి పట్టుకున్నారు,” అన్నాను.

ఆవిడ చాలాసేపు ఏడ్చారు. తర్వాత కోడల్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు.

దేంట్లో చూశావని ఆవిడ అడగలేదు.